పత్రికలో లేని పిల్ల

మొన్నొక మధ్యాహ్నం మా మనవరాలు చెవుల్లో తెల్లటి గుబ్బలేవో దూర్చుకుని, మెడదాకా దుప్పటి కప్పుకుని, సోఫాలో పడుకుని కళ్ళు తుడుచుకుంటోంది. ఎవరేమన్నారే అని అడిగితే ఎవరూ ఏమీ అనలేదట, నవల వింటోందట. ఇప్పుడు నవలలు చదవనక్కర్లేదు, ఎవరో చదివి ఫోన్లో పెడతారు, మనం పడుకుని వింటే చాలు. ఒక గుబ్బ తీసి నా చెవిలో పెట్టింది. ఎవరో ఆడమనిషి, మంచి గొంతు, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ చదువుతోంది. కాసేపు విని, ఈవిడ చదివేది పుస్తకంలో ఉన్నదేనా, సొంతానికి ఏమన్నా కలుపుతోందా అని అడిగాను. మనవరాలు నన్ను వింతగా చూసి, నీకన్నీ అనుమానాలే అమ్మమ్మా అంటూ గుబ్బ లాక్కుంది. అది అనుమానం కాదు. చదివి వినిపించే మనిషి చేతికి వినే మనిషి ఎట్లా చిక్కుతుందో నేను ఉదయగిరిలో మా అత్తగారింట్లో దగ్గరుండి చూశాను.

నేను పుట్టి పెరిగింది ఆత్మకూరులో. మా నాయనకు సినిమాల పిచ్చి, మాకు ఆయన పిచ్చి అంటుకుంది. ఆత్మకూరులో పైకప్పున్న సినిమాహాలు ఉండేది, గ్రంథాలయం ఉండేది, బస్టాండులో వారపత్రికలు వేలాడదీసిన బంకు ఉండేది. చలికాలం వచ్చిందంటే మా ఇంట్లో పనులు తొందరగా ముగించుకుని దుప్పట్లతో సహా మొదటి ఆటకు పోయేవాళ్ళం. నేల టికెట్టు వాళ్ళు ఈలలేస్తుంటే కుర్చీల్లో కూర్చున్న మా అమ్మ ముక్కు చిట్లించేది, పాట రాగానే తనే కాలు ఊపేది. ఇంటికొచ్చాక మా నాయన ఆ సినిమా కథను మళ్ళీ మొదటి నుంచి మాకే చెప్పేవాడు, మేం చూడనట్టు. మేమూ చూడనట్టే వినేవాళ్ళం. అట్లాంటి ఇంట్లోంచి డెబ్బైల మధ్యలో నన్ను తీసుకెళ్ళి ఉదయగిరిలో పడేశారు. అప్పట్లో అక్కడ ఏడాది పొడుగునా ఆడే సినిమా లేదు. వానలు వెనకబట్టాక, పుష్యమాసం చలిలో, ఊరి బయట సినిమా డేరా వేసేవాళ్ళు. ఆ డేరా ఉన్నన్నాళ్ళే ఊరికి వినోదం.

డేరా నెత్తిన ఒక రేకు మైకు ఉండేది. పొద్దు వాలగానే అందులో పాటలు మొదలయ్యేవి. ముందు దేవుడి పాట, అంటే టికెట్లు ఇస్తున్నారని. తర్వాత హుషారు పాటలు, అంటే ఇంకా సమయం ఉందని. ఆఖరున ఎప్పుడూ ఒకే ఒక ఏడుపు పాట, అది అయిపోతే ఆట మొదలు. ఊరంతా ఆ పాటల్ని బట్టే ఎసరు పెట్టడం, దించడం. కొండ మీంచి దిగే చలిగాలి ఆ పాటల్ని మోసుకొచ్చి మా పెరట్లో పడేసేది. పాట వినపడగానే నాకు కాళ్ళు ఆగేవి కావు. మా తోటికోడలు మాత్రం మొహం గంటు పెట్టుకునేది. చేతిలో ఏ పని ఉన్నా దించి, వంటింట్లోకి పోయి, రోలు ముందు కూర్చుని దంచడానికేమీ లేకపోయినా ఏదో ఒకటి దంచేది. ఆ చప్పుడు పాట అయిపోయేదాకా ఆగేది కాదు.

తోటికోడలంటే మా బావగారి భార్య, ఇంటికి పెద్ద కోడలు. నేను అక్కా అనే పిలిచేదాన్ని. వరికుంటపాడు పక్క పల్లెటూరి మనిషి, పొడగరి, స్కూలు ఫైనలు దాకా చదివింది. పొట్లం కట్టిన కాగితం కూడా విప్పి చదివి గానీ పారేసేది కాదు. మాట్లాడేది తక్కువ. ఇంట్లో ఆవిడ ఉన్నదని తెలిసేది గిన్నెల చప్పుడు వల్లే. నేను కొత్తగా వచ్చినప్పుడు డేరాకు పోదాం రా అక్కా అని పిలిచాను. నాకిష్టం లేదు, నువ్వు పో అనింది. పత్రికలో సినిమా పేజీని అంత నమిలి చదివే మనిషికి సినిమా ఇష్టం లేకపోవడమేమిటో నాకు అర్థం కాలేదు. అర్థమయ్యేట్టు చెప్పింది మా అత్తే.

మా అత్త గురించి చెప్పాలి. మా మామ పోయాక గుడ్డల అంగడిని, ఇద్దరు కొడుకుల్ని, ఇంటినీ ఒక్క చేత్తో నిలబెట్టింది. పైకి కఠినమే గానీ లోపల వెన్న అని ఇట్లాంటి చోట రాయడం అలవాటు. నేను రాయను. లోపల కూడా అట్లాగే ఉండేది. బాగా తెలివైనది, చమత్కారంగా మాట్లాడేది, ఎదుటివాళ్ళకు ఎక్కడ నొప్పెడుతుందో వెతికి అక్కడే వేలు పెట్టేది. నేను కాపురానికొచ్చిన కొత్తల్లో నాకు ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతూ పెద్ద కోడలి సంగతి చెప్పింది. దాచుకోవలసిన సంగతని ఆవిడకు అనిపించినట్టే లేదు. నాకు బుద్ధి రావాలని చెప్పింది.

"పెద్దది వచ్చిన ఏడు వాడు దాన్ని డేరాకు తీసకపోయినాడు. నన్నడగలా. తిరిగొచ్చినాక వాణ్ణి లోపలికి రమ్మన్నాను. ఊళ్ళో వాళ్ళందరితో నేల మీద కూర్చోనొచ్చినావు, అట్నే లోపలికి వస్తావా అని తొట్టి నీళ్ళు బిందెలతో దాని నెత్తిన పోసి తలుపేసినాను. తెల్లారినాక తలుపు తీసి చీపురు చేతికిచ్చినాను. ఆ పొద్దుటి నుంచీ మళ్ళా సినిమా మాటెత్తలే."

బావగారు ఏం చేశారని అడిగాను. ఏం చేస్తాడు, అన్నం తిని పడుకున్నాడు అనింది, అడగవలసిన ప్రశ్నే కాదన్నట్టు. పుష్యమాసపు చలిలో తడిచీరతో వీధి అరుగు మీద ఒక కొత్త పెళ్ళికూతురు. తలుపు అవతల మొగుడు అన్నం తింటున్నాడు. అక్కకు ఆ తర్వాత జ్వరం వచ్చి చాలా రోజులు లేవలేదని, లేచాక గొంతు ఇట్లా సన్నబడిపోయిందని పక్కింటి వాళ్ళు చెప్పారు. ఆ పక్కింటి వాళ్ళు ఉర్దూ మాట్లాడే సాయిబులు, కొయ్యతో గరిటెలు, చెంచాలు చెక్కేవాళ్ళు. ఆ రోజు వాళ్ళావిడ గోడ మీదుగా ఒక దుప్పటి విసిరిందట. అత్త దాన్ని కూడా మర్నాడు ఉతికించి మరీ తిరిగిచ్చింది.

నేను కాపురానికొచ్చిన కొన్నేళ్ళకు అత్తకు రెండు కళ్ళల్లోనూ శుక్లాలు ముదిరాయి. ఆపరేషను చేయించుకోమంటే వినలేదు. దుత్తలూరు పక్క ఎవరికో ఆపరేషనుతో ఉన్న చూపు పోయిందని విని, నా కంట్లో కత్తి పెట్టనిచ్చేది లేదు అని కూర్చుంది. చివరికి వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియని స్థితికి వచ్చింది. అంగడి లెక్క పోయింది, వంటింటి మీద పెత్తనం పోయింది, వాటికేమీ ఆవిడ అంతగా ఏడవలేదు. సీరియల్ పోయిందే అని ఏడ్చింది. ఆవిడకున్న ఒకే ఒక్క వ్యసనం అది. వారపత్రిక రాగానే గుమ్మంలో కూర్చుని, అక్షరం అక్షరం పైకి చదువుకుంటూ, నచ్చని పాత్రను తిట్టుకుంటూ సీరియల్ పూర్తి చేసేది. రేడియో ఒకటి ఉండేది గానీ దాన్ని బావగారు గిరాకీ కోసమని అంగడిలో పెట్టుకున్నారు. కళ్ళు లేని మనిషికి చలికాలం మధ్యాహ్నాలు ఎంత పొడుగుంటాయో చూస్తే నాకే భయమేసేది.

ముందు చదివే పని నాకు పడింది. రెండు పేజీలు వినగానే, నువ్వు చదువుతుంటే కరెంటు బిల్లు చదివినట్టుండాది అని నా చేతిలో పత్రిక లాగేసింది. నిజమే, నాది చదివే గొంతు కాదు. అప్పుడు అక్కను పిలిచింది. ఆవిడ ఏ పనీ అక్కను అడిగి చేయించుకోవడం నేనెప్పుడూ చూడలేదు. చెయ్యి అని చెప్పడమే. ఆ రోజు మాత్రం, కాస్త చదివి పెడతావా మే, అనింది. అక్క చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి కూర్చుని చదివింది. ఆ సన్నటి గొంతులో ఇన్ని రకాల మనుషులున్నారని నాకు అప్పుడే తెలిసింది. ముసలివాడి మాట వస్తే ముసలిగా, పసిపిల్ల మాట వస్తే పసిగా పలికేది. అత్త నోరు తెరుచుకుని వినింది.

అప్పటి నుంచి అది ఇంటి ఆనవాయితీ అయింది. నెల్లూరు నుంచి సంగం మీదుగా వచ్చే బస్సులో పత్రిక వచ్చేది. బావగారు అంగడి నుంచి పంపేవారు. మధ్యాహ్నం అన్నాలయ్యాక పెరట్లో ఎండపొడలో నులకమంచం వేసి అత్తను కూర్చోబెట్టేవాళ్ళం. అక్క కింద చాప మీద గోడకు ఆనుకుని కూర్చునేది. నేను పక్కనే నానబెట్టిన అనపగింజలు పితుకుతూ వినేదాన్ని. పితికిన తొక్కల వాసన, ఆరబోసిన కందుల వాసన, గోడ అవతల కొయ్య చెక్కే చప్పుడు, మధ్యలో అక్క గొంతు. అత్తకు వినిపించేదాకా పత్రికను ఇంకెవరూ ముట్టకూడదు. ఆ తర్వాత నా వంతు. అందరి చదువూ అయ్యాక సీరియల్ కాగితాలు విడదీసి, గోనెసంచి సూదితో కుట్టి, అట్టవేసి అటక మీద పెట్టేవాళ్ళం. అట్లా కుట్టిన నవలలు ఆ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ ఉండేవి. ఈ వరస గనక లేకపోతే అక్క చేసిన పని సాగేది కాదు.

ఆ చలికాలం ఒక కొత్త సీరియల్ మొదలైంది. తల్లీ తండ్రీ లేని పిల్ల, మేనమామ ఇంట్లో పెరిగి, కలిగిన వాళ్ళింటికి కోడలుగా వెళుతుంది. అక్క చదువుతుంటే ఆ ఇంటి అత్తగారు చాలా దుర్మార్గంగా ఉండేది. కోడలి అన్నంలో మజ్జిగ బదులు కడుగు నీళ్ళు పోసేది. పుట్టింటి నుంచి ఎవరన్నా వస్తే కోడలు ఊళ్ళో లేదని చెప్పి పంపేసేది. వింటూ మా అత్త కళ్ళొత్తుకునేది. అది మనిషా, అని పళ్ళు నూరేది. విన్నదే గదా అని అంతదాకా సీరియల్ నేను చదివేదాన్ని కాదు, ఆ వారం మాత్రం పత్రిక నా చేతికొచ్చాక తిరగేశాను. కడుగు నీళ్ళ మాటే లేదు అందులో. వెనక వారాలవి తీసి చూశాను. పత్రికలో ఆ అత్తగారు చాలా మంచిది, పైగా కథ మొదట్లోనే గుండెపోటుతో చచ్చిపోయింది. చచ్చిపోయిన మనిషి మా పెరట్లో వారం వారం బతికొచ్చి కోడల్ని కాల్చుకు తింటోంది.

ఆ తర్వాతి వారం నుంచి నేను గింజలు పితుకుతూ అక్క కళ్ళవంక చూసేదాన్ని. అవి కాగితం మీద ఒకే చోట నిలిచి ఉండేవి. వేళకు పేజీ తిప్పేది, అయితే తలెత్తేది కాదు. కళ్ళు లేని మనిషి ముందు కూడా అంత జాగ్రత్త. నేను చూస్తున్నట్టు ఆవిడకు తెలుసు. ఆవిడ తెలుసుకున్నట్టు నాకూ తెలుసు. నేనేమీ అనలేదు, అనలేదన్న బాధ ఇప్పటికీ లేదు. ఆ కడుగు నీళ్ళు ఎవరి అన్నంలో పడ్డాయో, ఎవరి అన్న వరికుంటపాడు నుంచి నడిచొచ్చి గడపలోంచే తిరిగిపోయాడో నాకు తెలుసు. పైగా నిజం చెప్పాలంటే పత్రికలో కథ కన్నా అక్క కథే బాగుంది.

అత్తకు మాత్రం తెలియలేదు. ఇదే నాకు అన్నిటికన్నా దారుణంగా అనిపించేది. తను చేసిన పనుల్ని ఒక్కొక్కటీ ఎదుట పెట్టి చదువుతుంటే, ఆవిడ ఆ పిల్ల కోసం గుండె కరిగి ఏడ్చేది. నా తల్లీ, ఎట్టా ఓర్చుకుంటా ఉండావే, అనేది. అదే నోటితో, ఏడుపు ఆరకముందే, కాఫీ చల్లారిపోయిందని అక్కను నానా మాటలూ అనేది. కథలో పిల్లకు పోసే జాలిలో చుక్క కూడా పక్కన కూర్చున్న మనిషి మీద పడేది కాదు. అక్క మొదట్లో దేనికోసమో ఎదురు చూసిందనుకుంటాను. ఏదో ఒక వాక్యం దగ్గర ముసలావిడ ఉలిక్కిపడుతుందని, ఆగుతుందని. ఆగలేదు. దాంతో అక్క ఇంకా దగ్గరగా చెప్పడం మొదలుపెట్టింది. కథలో ఇంటికి మా ఇంటి తొట్టి వచ్చింది, మా వీధి అరుగు వచ్చింది, కథలో మొగుడికి బావగారి నత్తి వచ్చింది. అయినా ఆవిడకు అది ఎవరి ఇల్లో తట్టలేదు.

డేరా వేసిన వారం అది. మధ్యాహ్నమే మైకును సరిచూస్తూ ఏవో పాటముక్కలు వేస్తున్నారు. ఈసారి అక్క లేచి వంటింట్లోకి పోలేదు. పత్రిక విప్పి చదివింది. కథలో పిల్లను మొగుడు డేరా సినిమాకు తీసుకెళ్ళాడు. తిరిగొచ్చారు. అత్తగారు కొడుకును లోపలికి పిలిచింది. అతను వెనక్కి చూడకుండా వెళ్ళాడు. తొట్టి నీళ్ళు బిందెలతో పిల్ల నెత్తిన పడ్డాయి. తలుపు మూసింది. గడియ పడిన చప్పుడు. లోపల కంచం పెట్టిన చప్పుడు. ఆ పిల్ల తడిచీర కొంగు పిండుకుని, అరుగు మీద కూర్చుంటే చలి ఎక్కువని నిలబడింది. తలుపు కింది సందులోంచి దీపం వెలుగు పాదాల మీద పడుతుంటే, అదే వెచ్చదనం అనుకుని పాదాలు అక్కడ పెట్టుకుంది. అక్కడిదాకా ఏ తడబాటూ లేకుండా చదివి, అక్క పత్రికను ఒళ్ళో దించింది. నా చేతిలో గింజలు అట్లాగే ఉండిపోయాయి.

అత్త మంచం పట్టె పట్టుకుని నిటారుగా కూర్చుంది. కళ్ళల్లోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. అప్పుడు అక్క, ఆ ఇంటికొచ్చిన అన్నేళ్ళలో మొట్టమొదటిసారి, అత్తను ఒక మాట అడిగింది. ఆ అత్తగారిని ఏం చెయ్యాలంటావత్తా అని.

"దానికి పోయే కాలంలో గుక్కెడు నీళ్ళు పోసే దిక్కు కూడా ఉండగూడదు. ముంగిట్లో పడి అరస్తా ఉన్నా ఒకురు పలకగూడదు."

సరే అత్తా, అనింది అక్క. పత్రిక మడిచింది. మిగతాది చదువు మే, తలుపు తీసినారా లేదా, అని అత్త తొందరపెట్టింది. ఈ వారానికి ఇంతే ఉండాది అని చెప్పి అక్క లేచి పోయింది. ఆ పొద్దు ఏడుపు పాట వచ్చినా రోలు చప్పుడు వినపడలేదు.

మరుసటి వారం అత్త పొద్దుటి నుంచే బస్సు వచ్చిందా అని అడగడం మొదలుపెట్టింది. పత్రిక రాలేదంది అక్క. ఆ పై వారమూ రాలేదు. తర్వాత ఆ పత్రికే నిలిచిపోయిందని చెప్పింది. పత్రిక వస్తూనే ఉంది, అంగడిలో ఉండేది, నేను తెప్పించుకుని చదువుకునేదాన్ని, సీరియల్ ముగిసిపోయింది కూడా. ఇంకేదన్నా చదవమంటే అక్క కళ్ళు లాగుతున్నాయని చెప్పేది. అత్త మొదట తిట్టింది, తర్వాత అలిగి అన్నం మానేసింది, తర్వాత, ఇది ఎవరూ నమ్మరు, బతిమాలింది. అక్క ఆవిడకు ఏ లోటూ చేయలేదు. వేడినీళ్ళు పెట్టి స్నానం చేయించేది, తలకు నూనె రాసేది, వక్కాకు దంచి నోట్లో పెట్టేది. ఊరంతా కోడలంటే అట్లా ఉండాలని చెప్పుకుంది. కథ మాత్రం నోరు తెరిచి చెప్పలేదు.

మా ఆయనకు తాలూకా ఆఫీసులో ఉద్యోగం, ఎనభైల మొదట్లో ఆత్మకూరుకు బదిలీ అయింది. మేం వచ్చేశాం. అత్తకు ఆయాసం మొదలయ్యాక ఉదయగిరి కొండగాలి పడక, ప్రతి చలికాలం ఆవిడను మా ఇంటికి తెచ్చుకునేవాళ్ళం. సేవ చేయడానికి అక్కా వచ్చేది. ఒకసారి నాకే మనసొప్పక, కుట్టిపెట్టిన ఆ సీరియల్ తెప్పించి, అత్త పక్కన కూర్చుని మొదటి నుంచి చదివాను. కరెంటు బిల్లు గొంతైనా ఓపిగ్గా వినింది. అత్తగారు గుండెపోటుతో చచ్చిపోయే చోటుకు రాగానే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఎట్టా చస్తాది? తలుపు తీయకుండా ఎట్టా చస్తాది? ఇది కాదు మే. ఇది ఇంకెవురిదో."

సరేనని నేనే కల్పించాను. తలుపు తీశారని, పిల్లకు పొడిచీర ఇచ్చారని, కుంపటి దగ్గర కూర్చోబెట్టారని చెప్పాను. నీకు తెలీదులే, పెద్దదానికి తెలుసు అని అటు తిరిగి పడుకుంది. పాపం, ఆవిడకు కావలసిన కథ ఏ పుస్తకంలోనూ లేదు. అంగట్లో కొనుక్కొచ్చేది కాదు, గ్రంథాలయంలో వెతికితే దొరికేది కాదు. లోకం మొత్తం మీద ఒకే మనిషి దగ్గర ఉంది, ఆ మనిషి రోజూ ఆవిడ కాళ్ళు పిసికేది. నేను వంటింట్లో అక్కను పట్టుకుని, ముసల్ది ఇంకెన్నాళ్ళు ఉంటుంది, ఆ రెండు ముక్కలూ చెప్పేస్తే ఏం పోతుంది అని అడిగాను. అక్క బియ్యంలో రాళ్ళేరుతూ, "నీళ్ళు గూడా పోయొద్దనింది. నేను పోస్తా ఉండాను గదా," అనింది. చేట పైకెత్తి చెరగడం మొదలుపెట్టింది, ఇక మాట్లాడేదేమీ లేదన్నట్టు.

ఆ రోజుల్లోనే మా ఇంటికి టీవీ వచ్చింది. మిద్దె మీద ఇనుపగొట్టం పాతి, దాని కొసన ఏంటెనా కట్టి, మా ఆయన పైనుంచి వచ్చిందా వచ్చిందా అని అరిస్తే కింద నుంచి మేం ఇంకొంచెం ఇంకొంచెం అని అరిచేవాళ్ళం. మద్రాసు స్టేషను పట్టేది. అరవం ఎవరికీ సరిగా రాదు, బొమ్మ కన్నా చుక్కలే ఎక్కువ, అయినా ఆదివారం వస్తే వీధి వీధంతా మా ఇంట్లోనే. గొంతు తేటగా వచ్చేది, బొమ్మ వచ్చేది కాదు. అందువల్ల మాకూ అత్తకూ పెద్ద తేడా లేదని మా ఆయన ఎగతాళి చేసేవారు. అత్త వెనక గోడకు ఆనుకుని శాలువా కప్పుకుని కూర్చుని, ఏమంటా ఉండారు, ఏమంటా ఉండారు అని అందరినీ అడిగేది. అందరూ ఉష్ అనేవాళ్ళు. ఒక ఆదివారం సినిమాలో ఎవరో ఆడమనిషి వెక్కి వెక్కి ఏడ్చింది. అత్త గోడ వదిలి ముందుకు వంగి, "ఎవురది ఏడ్చేది? ఆ పిల్లేనా?" అని అడిగింది. గదంతా నవ్వింది. మా ఆయనా నవ్వారు, ఉదయగిరి నుంచి వచ్చి ఉన్న బావగారూ నవ్వారు. బావగారు నవ్వడం చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. అక్క నవ్వలేదు. లేచి వెళ్ళి అత్త శాలువా సరిచేసి, ఆ పిల్ల కాదులే అత్తా అని చెప్పి, మళ్ళీ వచ్చి తన చోట కూర్చుంది.

అత్త ఆఖరి చలికాలం కూడా మా ఇంట్లోనే గడిచింది. అప్పటికి మంచం దిగడం లేదు. ఒక మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ ఆవిడ కాళ్ళ మీద పడుతుంటే అక్క తడిగుడ్డతో పాదాలు తుడుస్తోంది. నేను గుమ్మంలో బట్టలు మడతపెడుతున్నాను. అత్త మెల్లిగా అడిగింది. బస్సు వచ్చిందా అనీ కాదు, పత్రిక వచ్చిందా అనీ కాదు.

"ఆ పిల్ల ఇంకా బయటే ఉండాదా?"

"ఉండాదత్తా."

"చలి గదా."

"చలే."

"తలుపు తీయమని చెప్పు మే వాళ్ళకు."

అక్క గుడ్డ పిండి గిన్నె అంచున వేసింది. పాదాల మీద దుప్పటి కప్పింది. ఆవిడ గొంతులో కోపం లేదు, జాలీ లేదు, పత్రిక చదివినప్పటి గొంతే.

"తీయాల్సింది నువ్వు గదత్తా."

అత్తకు తెలిసిందని నాకా క్షణాన తెలిసింది. ఇన్నాళ్ళూ తెలుసో, అప్పుడే తెలిసిందో చెప్పలేను. మొహం అక్క వైపు తిప్పింది, చూపు లేని కళ్ళు సరిగ్గా అక్క మొహం మీద నిలిచాయి. ఒక్క మాట అంటుందని నేను మడతపెట్టే బట్ట ఒళ్ళో దించాను. అక్క కూడా గిన్నె పట్టుకుని నిలబడి ఉంది, నాకన్నా ఎక్కువగా, ఆ మాట కోసం. ఆవిడ అనవలసింది చాలా చిన్న మాట.

"నాకు కళ్ళు కనపడవు గదమే. నేనెట్టా తీసేది?" అనింది అత్త, గోడవైపు తిరిగింది.

అక్క గిన్నెలో నీళ్ళు పెరట్లో పారబోసి వచ్చి, రాత్రి వంటకు ఏం చేద్దామని నన్నడిగింది. ఆ చలి వెళ్ళకముందే అత్త పోయింది. ఆవిడ నోట్లో చివరి నీళ్ళు పోసింది అక్కే.

పత్రికలో ఆ తలుపు ఎవరూ మూయలేదు. ఉదయగిరిలో మూసిన తలుపును తెల్లవారగానే తీశారు, వాకిలి ఊడవాలి గనక. కాలం గడిస్తే అన్నీ సర్దుకుంటాయని నాతో చాలామంది అన్నారు, నేనూ కొందరితో అన్నాను. అత్త పోయి ఎన్నేళ్ళో అయింది, ఆ తర్వాత అక్కా పోయింది, ఆ అరుగు మీద మాత్రం ఇంకా తెల్లవారలేదు.